రోడ్డు పక్క చేను

జర్మనీలో రూడెస్‌హైమ్ చూడాలంటే సెప్టెంబరులో చూడాలి. కొండంతా ద్రాక్ష మాగి ఉంటుంది, రైన్ నదిలో టూరిస్టు పడవలు తిరుగుతుంటాయి, ద్రోసెల్‌గాసె సందులో పాటలు, బ్యాండ్లు, తోపులాట. జనవరిలో పోతే కనిపించేవి మూసిన తలుపులే. క్రిస్మస్ సంత ఎత్తేసి ఉంటారు. కొండ మీదికి పోయే రోప్‌వే ఆపేసి ఉంటారు. పడవలు ఒడ్డున కట్టేసి ఉంటాయి. ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాణ్ని, ఈ మాత్రం నాకు తెలుసు. మావాడికీ తెలుసు. అయినా పోయాం. వాళ్ల నాయన వచ్చిందే జనవరిలో, ఏం చేస్తాం!

మావాడంటే చుట్టమేం కాదు. నాది కదిరి, వాడిది తనకల్లు. కదిరిలో మదనపల్లె బస్సెక్కితే దారిలో తగిలే ఊరు. పరాయి దేశంలో ఆ చుట్టరికం చాలు. 2023 అక్టోబరులో మాస్టర్స్ చదవడానికి వచ్చాడు. చదువు ముగించుకుని, పోయినేడు చివర్లో రూసెల్స్‌హైమ్‌లో ఉద్యోగంలో చేరాడు. మొదటి జీతం పడగానే తండ్రికి టికెట్ తీశాడు. తల్లిని కూడా రమ్మన్నాడు గానీ, "ఎనుములను ఎవురు చూస్తారు?" అని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. వచ్చినప్పటినుంచి మావాడు ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. టికెట్ డబ్బులుంటే లోనుకు కట్టొచ్చని లెక్క. ఇక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదువుకు ఫీజు లేనట్టే. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. ఆ ఏడు లెక్క 11,208 యూరోలు, అంటే మన పది లక్షలు. ఆ పది లక్షల కోసం రోడ్డు పక్క చేను తాకట్టు పెట్టారని, ఈ ఏడు ఎట్లాగైనా దాన్ని విడిపిస్తానని మావాడు నాతో చాలాసార్లు అన్నాడు.

పెద్దాయన దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు నేనూ పోయాను. తెల్ల పంచె, తలకు మంకీ క్యాపు, ఒంటి మీద మాత్రం మందపాటి నీలం కోటు. కోటు వీపు మీద ఒకచోట అదే రంగు గుడ్డ అతికించి కుట్టి ఉంది. చిరిగిందేమో అనుకున్నాను. "ఇంత మంచి కోటు యాడ దొరికింది నాయనా?" అని కొడుకు అడిగితే, "కదిరిలో" అన్నాడు. పెట్టెలో నిప్పట్లు, చింతపండు, శెనక్కాయల పొడి, కదిరి నరసింహస్వామి కుంకుమ. మనవాళ్ల పెట్టెలన్నీ ఒకటే.

వచ్చి వారం దాటినా పెద్దాయనకు రాత్రిపూట నిద్ర పట్టడం లేదని మావాడు దిగులుపడ్డాడు. రెండు గంటలప్పుడు లేస్తే హాల్లో తిరుగుతూ కనిపిస్తాడట. తలుపు గడియ చూస్తాడు, కిటికీలోంచి రోడ్డు చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. పొద్దున మాత్రం ఒళ్లు తెలీని నిద్ర. "జెట్‌ల్యాగ్ అన్నా, ఆ వయసులో అంత తొందరగా పోదు" అన్నాడు. నేనూ తలూపాను.

శనివారం పొద్దున వీస్‌బాడెన్‌లో బండి మారి రైన్ వెంబడి బయల్దేరాం. ఎడమ పక్క నది, కుడి పక్క ద్రాక్ష కొండలు. మావాడు గైడ్ అవతారం ఎత్తాడు. తండ్రిని తెచ్చుకున్న ప్రతి కొడుకూ ఎత్తే అవతారమే అది, తప్పుపట్టను. పైగా చెప్పినవన్నీ సరైనవే. రైన్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేది కాస్తా, టౌనుస్ కొండలు అడ్డం రావడంతో వీస్‌బాడెన్ దగ్గర పడమరకు తిరిగి, రూడెస్‌హైమ్ దాకా సుమారు ముప్పై కిలోమీటర్లు అట్లాగే పారుతుంది. అందువల్ల కుడి ఒడ్డు కొండలకు దక్షిణపు ఎండ నేరుగా తగులుతుంది. కింద నీళ్ల మీద పడ్డ వెలుగు కూడా పైకి వస్తుంది. మన తనకల్లు పద్నాలుగో అక్షాంశం దగ్గరుంటే ఈ ఊళ్లు యాభయ్యో అక్షాంశం దగ్గరున్నాయి. ఇంత ఉత్తరాన ద్రాక్ష పండటమే కష్టం. ఆ ఒక్క మలుపే వీళ్లకు అన్నం పెడుతోంది.

"ఎదురొడ్డున ఇంగెల్‌హైమ్‌లో కార్ల్ చక్రవర్తికి కోట ఉండేది నాయనా. పన్నెండొందల ఏండ్ల కిందటి మాట. ఒక చలికాలం కోటలోంచి చూస్తే ఈ పక్క కొండ మీద మంచు అన్నిటికంటే ముందు కరిగిపోయిందంట. అయితే అక్కడే ద్రాక్ష నాటండి అన్నాడంట."

"కత బాగుంది" అన్నాడు పెద్దాయన. ఆయన చూపు కొండ మీద లేదు, దారిలో వచ్చే ఇళ్ల కప్పుల మీద ఉంది. "ఎండ లేని దేశం, ఇన్ని పలకలా!"

సోలార్ పలకలు. జర్మనీలో వీటి సామర్థ్యం 2025 మొదట్లోనే లక్ష మెగావాట్లు దాటింది. మన పక్కనే నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటును 2016లో పూర్తిచేస్తే అబ్బో అనుకున్నాం. ఆ మాటే ఆయనతో అన్నాను.

"మనకు ఎండకేం కరువప్పా. దుమ్ముతోనే తంటా" అన్నాడు. "వానల్లేనప్పుడు వారానికోసారైనా కడగల్ల. కడగకపోతే కరెంటు పడిపోతాది. అద్దో, ఆ ఇంటి మీద చూడు, పక్కన చెట్టు ఉండాది. దాని నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరసంతా దెబ్బ తింటాది. చెట్టన్నా కొట్టల్ల, పలకన్నా తియ్యల్ల."

మావాడు నవ్వాడు. "ఇవన్నీ యాడ నేర్చినావు నాయనా?"

"పేపర్లో వస్తాంటాది లే."

రూడెస్‌హైమ్‌లో దిగేసరికి మైనస్ రెండు. పొగమంచు నది మీద మందంగా పట్టి, అవతలి ఒడ్డున బింగెన్ ఊరు కనిపించడం లేదు. ద్రోసెల్‌గాసె పొడుగు 144 మీటర్లు, వెడల్పు ఇద్దరు మనుషులు చేతులు చాచినంత. పదిహేనో శతాబ్దంలో పడవల వాళ్లు నది నుంచి ఇళ్లకు సరుకు మోసుకుపోవడానికి వేసుకున్న దారి. ఎండాకాలంలో కాలు పెట్టనియ్యని ఈ సందులో ఆరోజు మేం ముగ్గురం, ఒక పిల్లి. మావాడు గోడల మీద పాత జర్మన్ అక్షరాల్లో చెక్కిన రాతలను ఆగి ఆగి చదివాడు, చదివి తండ్రికి అర్థం చెప్పాడు. ఆ పాత అక్షరాలు నాకైతే ఇప్పటికీ కొరుకుడుపడవు. రెండేళ్లలో పట్టేశాడు. వాడి బుర్ర గట్టిది, ఒప్పుకోవాల్సిందే.

"ఎంత బాగా చదువుతాండావు రా!" అని పెద్దాయన మురిసిపోయాడు.

ఆ మురిపెంతో మావాడికి ఊపొచ్చింది. ఇక మొదలుపెట్టాడు. వీళ్లు చూడు నాయనా, ఒక్క రాయి పోనియ్యరు. 2002లో ఈ లోయ మొత్తానికి యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నారు. మన లేపాక్షి? 2022లో తాత్కాలిక జాబితాలో పేరు ఎక్కింది, అంతే. పెనుకొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు పరిగెత్తుకొచ్చి రాజధాని పెట్టుకున్న ఊరు. ఈరోజు గగనమహల్ చూడటానికి ఎవరొస్తాండారు? మనవాళ్లకు పాతదంటే విలువ లేదు. ఎవడైనా రేటు ఇస్తే తాత సమాధి కూడా అమ్మేస్తారు.

ఇట్లాంటి ప్రసంగం విదేశాల్లో ఉన్న ప్రతి తెలుగువాడూ ఏదో ఒక పాత వీధిలో నిలబడి చేసిందే. నేను చాలా విన్నాను, కొన్ని చేశాను. వాడు చెప్పనిది ఒకటుంది. 1944 నవంబరు 25న ఈ ఊరి మీద బాంబులు పడ్డాయి. చర్చితో సహా చాలా భాగం నేలమట్టమైంది. ఇప్పుడు మనం చూసి ముచ్చటపడే పాతదనంలో చాలావరకు ఆ తర్వాత కట్టిందే. ఆ మాట నోటిదాకా వచ్చింది. తండ్రి ముందు కొడుకును తగ్గించడం ఎందుకని మింగేశాను.

పెద్దాయన అడిగింది వేరు. "ఈళ్లలో ఎవురూ అమ్ముకోరా?"

"అమ్ముకోరు నాయనా. తరాల తరబడి ఒకే కుటుంబం. కష్టమొచ్చినా పట్టుకుని ఉంటారు."

"కష్టం అంటే ఎట్లాంటిది?"

దానికి మావాడి దగ్గర జవాబు లేదు. పదండి, పైకి పోదాం అన్నాడు.

రోప్‌వే లేదు కాబట్టి ద్రాక్ష తోటల్లోంచి కాలిబాటన ఎక్కాం. నేల నిండా రాళ్లు. మన వైపు రాళ్లున్న చేలో కంది, ఉలవ వేసి దేవుడా అంటాం. ఇక్కడ అదే రాయి పగలంతా వేడి పట్టుకుని రాత్రి తీగకు ఇస్తుందని చెప్పి ఎక్కువ ధర పెడతారు. ఆకులన్నీ రాలిపోయి, తీగలన్నీ నల్లగా ఎండిన కట్టెల్లా ఉన్నాయి. చచ్చిపోయాయేమో అన్నాడు పెద్దాయన. కాదు, నిద్రలో ఉన్నాయి అన్నాను.

ఒక వరసలో ముసలాయన ఒకడు కరెంటు కత్తెరతో కొమ్మలు కత్తిరిస్తున్నాడు. ఇక్కడ జనవరి, ఫిబ్రవరిల్లో ఈ పనే. పోయినేడు పెరిగిన తీగంతా తీసేసి, ఒకటో రెండో మంచి కొమ్మలు మాత్రం ఉంచి, వాటిని తీగకంచెకు వంచి కడతారు. పెద్దాయన చెప్పులు... కాదు, కొడుకు కొనిచ్చిన బూట్లు బురదలో దిగబడుతున్నా లెక్కచేయకుండా వరసలోకి పోయి గొంతుక్కూర్చున్నాడు. కత్తిరించిన కొమ్మను చేతిలోకి తీసుకుని కణుపు చూశాడు, గోరుతో గీరి లోపలి పచ్చదనం చూశాడు. ముసలాయన ఆయన్ని చూసి కత్తెర ఆపాడు. ఇద్దరి మధ్య నేను దుబాసీ.

"మా పక్కన చిక్కబళ్లాపురం దిక్కు నల్ల ద్రాక్ష ఉండాది. ఆడ ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబర్లో ఒకసారి కాయ కోసం. చెప్పప్పా ఆయనకు."

చెప్పాను. ముసలాయన నమ్మలేదు. మరి తీగ ఎప్పుడు నిద్రపోతుంది అన్నాడు. మా దేశంలో చలి లేదు కాబట్టి దానికి నిద్రే ఉండదని చెబితే, చేతిలో కత్తెర అట్లాగే పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆ మొక్క మీద ఆయనకు జాలి కలిగినట్టుంది.

అక్కడినుంచి కొంచెం పైకి పోయామో లేదో, పొగమంచులో ఎవరో తోట కంచె దాటి లోపలికి దిగారు. ఫోటో కోసం దిగిన టూరిస్టు. పెద్దాయన ఒక్కసారిగా ఆగి, ఛాతీ నిండా గాలి పీల్చి, "ఏయ్! ఎవురది! బయటికి రా!" అని అరిచాడు. ఆ గొంతుకు కొండంతా ఉలిక్కిపడింది. టూరిస్టుకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది, ఎగిరి బయటపడ్డాడు. మేమిద్దరం పడీపడీ నవ్వాం. పెద్దాయన మాత్రం, "పంట ఉండే చోట అట్ల దిగొచ్చునా?" అని గొణిగాడు. పంట యాడుంది నాయనా, ఎండు కట్టెలు తప్ప, అన్నాడు మావాడు.

పైన నీడర్‌వాల్డ్ స్మారకం. 38 మీటర్ల ఎత్తు. 1871లో జర్మనీ ఒక్క సామ్రాజ్యమైనందుకు కట్టారు, 1883లో కైసర్ విల్‌హెల్మ్ వచ్చి ప్రారంభించాడు. ఆరోజు రాజులందరినీ ఒకేసారి లేపేద్దామని అరాచకవాదులు కొందరు ముందురోజు రాత్రి దారి కింద తూములో డైనమైట్ పెట్టారు. రాత్రి వాన పడి ఒత్తి నానిపోయింది. తెల్లారి ఎంత అంటించినా అంటుకోలేదు. జర్మనీ చరిత్రను ఒక వాన మార్చింది అని మావాడు నాటకీయంగా ముగించాడు.

పెద్దాయన ఆ తూము యాడ అని అడిగాడు. కొంతసేపు ఆలోచించి, "ఆ రాత్రి డ్యూటీలో ఎవురుండిరో, పాపం" అన్నాడు. "వాని పని ఏమయిందో."

చరిత్ర పుస్తకాల్లో కైసర్ ఉన్నాడు, డైనమైట్ పెట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి. కాపలావాడి సంగతి ఆలోచించిన మనిషిని నేను అప్పుడే చూశాను.

కిందికి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి అంచున ఒక స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ తెరిచి ఉంది. ద్రాక్ష పండించే రైతు తన ఇంట్లోనే పెట్టుకునే వైన్ కొట్టు అది. లైసెన్సు అక్కర్లేదు. కానీ షరతులున్నాయి: తన తోట వైనే అమ్మాలి, ఏడాదిలో నాలుగు నెలలే తెరవాలి, నలభై కుర్చీలు దాటకూడదు. తెరిచారని గుర్తుగా గుమ్మానికి ఆకుల గుత్తి కడతారు. రైతు తన సరుకు తానే అమ్ముకోవడానికి ఇట్లాంటి చట్టం మన శెనక్కాయ రైతుకు ఉంటే ఎట్లుండేదో!

శనివారం కాబట్టి పెద్దాయన వైన్ ముట్టనన్నాడు. శనివారం నరసింహస్వామిది. ఆయనకు వేడి చేసిన ద్రాక్షరసం, మాకిద్దరికీ రీస్లింగ్. ఈ రీస్లింగ్ ద్రాక్ష పేరు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది 1435లో, మావాడు ఉద్యోగం చేసే రూసెల్స్‌హైమ్‌లోనే. అది కూడా ఒక బిల్లు. తీగలు కొన్న ఖర్చు రాసుకున్నారు. రైతుల చరిత్ర ఎక్కడైనా ఖర్చుల లెక్కతోనే మొదలవుతుంది కాబోలు.

కొట్టు యజమాని యాభై ఏళ్ల మనిషి. గోడ మీద చట్రం కట్టిన కాగితంలో ఆయన ముత్తాతల పేర్లు వరసగా ఉన్నాయి. ఎనిమిదో తరం అట. మేం భారతదేశం నుంచి, పెద్దాయన రైతు అని తెలియగానే తనే వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఐస్‌వైన్ కథ చెప్పాడు. 1829లో పంట బాగా రాలేదు. ఎదురొడ్డున బింగెన్ పక్కనే ద్రోమెర్స్‌హైమ్ అనే ఊరిలో రైతులు ఆ ద్రాక్షను కొయ్యకుండా చలికాలంలో పశువుల మేతకని వదిలేశారు. 1830 ఫిబ్రవరిలో గడ్డకట్టిన గుత్తులను కోసి పిండి చూస్తే చిక్కటి తియ్యటి రసం కారింది. నీళ్లు మంచు అయిపోయి పండులోనే మిగిలిపోతాయి, తీపి మాత్రం బయటికొస్తుంది. ఇప్పుడు అది బాగా ఖరీదైన వైన్. మైనస్ ఏడు వస్తేగానీ కొయ్యకూడదు. 2019 పంటకైతే దేశం మొత్తం మీద ఎక్కడా ఆ చలి రాక, ఐస్‌వైన్ ఒక్క చుక్క తయారుకాలేదు.

నేను తెలుగులో చెబుతుంటే పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. "మేమూ వదిల్నాం. వానల్లేక ఊడలు దిగని శెనక్కాయ చేలో ఎన్నిసార్లు పశువులను వదిల్నామో. మాకు మాత్రం ఏమీ తియ్యగా రాలేదని చెప్పప్పా."

యజమాని నవ్వలేదు. లేచిపోయి, లోపలినుంచి చిన్న సీసా తెచ్చి మా గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాడు. డబ్బులు వద్దన్నాడు.

అప్పుడు మావాడు ఫోన్ తీసి ఫోటో చూపించాడు. 2023లో తీసింది. రోడ్డు పక్క చేను, గెనెం మీద పెద్ద చింతచెట్టు, దాని కింద తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని పెద్దాయన. జర్మన్‌లో గడగడా చెప్పాడు. ఇది మా చేను. ఆ చెట్టు మా ముత్తాత నాటింది. చింతపండు హిందూపురం మార్కెట్టుకు పోతుంది. మా ఊరికి దగ్గర్లో తిమ్మమ్మ మర్రిమాను అని ఐదెకరాల చెట్టుంది, 1989లో గిన్నిస్ బుక్కులో ఎక్కింది. మేం చెట్లను కొలిచే మనుషులం. నేను కూడా మీలాగే ఈ నేల వదలను. పదేళ్లు ఇక్కడ సంపాదించి పోయి అక్కడ ద్రాక్ష వేస్తాను. తనకల్లు పేరుతో వైన్ సీసా మీకు పంపిస్తాను.

"మీరు ఎన్ని తరాలు?" అని యజమాని పెద్దాయన్ని అడిగాడు.

పెద్దాయన వేళ్లు మడిచాడు. "మా తాత, మా నాయన, నేను. మూడు."

"నాతో నాలుగు!" అన్నాడు మావాడు.

యజమాని గ్లాసు ఎత్తి, "నాలుగో తరానికి" అన్నాడు. మేం తాగాం. పెద్దాయన ద్రాక్షరసం గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఎత్తకుండా అట్లాగే కూర్చున్నాడు. చలికి చేతులు వేడి చేసుకుంటున్నాడనుకున్నాను.

ఐదు కాకముందే చీకటి పడింది. స్టేషన్లో బండి ఆలస్యం. జర్మనీ రైళ్లు నిమిషం తప్పవని ఇంకా నమ్మేవాళ్లు మన ఊర్లలోనే మిగిలారు. ప్లాట్‌ఫాం మీద నది గాలి కోస్తోంది. మావాడికి ఐస్‌వైన్ ఎక్కినట్టుంది, ఉషారుగా ఉన్నాడు.

"నాయనా, ఈ ఉద్యోగంలో బోనస్ వస్తాది. దాంతో లోను మొత్తం కట్టేస్తా. బ్యాంకులో పడుండే చేను కాగితాలు నువ్వే పోయి తెచ్చుకో. అది కాదు గానీ, పోయిన వెంటనే చేన్లో ఒక వీడియో తీసి పంపు. చింతచెట్టు కింద నిలబడి, ఇది మా చేను అని చెప్పల్ల. ఇందాకటాయనకు పంపిస్తా."

"వీడియో కుదర్దు రా" అన్నాడు పెద్దాయన.

"ఏం, ఫోన్లో రాదా? పక్కింటి పిల్లోణ్ని తీయమను."

"అది కాదు. గేటు లోపల వీడియోలు తీయనియ్యరు."

"ఏ గేటు?"

"సోలారోళ్ల గేటు."

మావాడికి అర్థం కాలేదు. నాకు అయింది. అయినందుకు నది వైపు తిరిగి నిలబడ్డాను. కానీ చెవులు ఎట్లా మూసుకుంటాను?

"పక్క చేలో పెట్టినారా సోలారు?"

"మన దాంట్లోనే. బ్యాంకు వాళ్లు చేను మీద నాలుగు లక్షలకు మించి ఇయ్యమనిరి. బంగారం పెట్టినా చాలకపాయె. నీకు వీసా తారీకు దగ్గర పడె. అమ్మేస్తిమి."

"అమ్మేసినారా? నాకు చెప్పకుండానా? కదిరి రిజిస్ట్రాఫీసులో నేనూ సంతకం చేసింది తాకట్టు కాగితం కదా?"

"మొదటి లైన్లోనే ఉన్నింది రా, శుద్ధ క్రయపత్రం అని. చదివి చూడు నాయనా అని నీ చేతికే ఇచ్చినా. నోటితో చెప్పేకి నాకు చేతకాలే, చదివితే నీకే తెలుస్తాది అనుకుంటి. నువ్వు రెండు పేజీలు తిప్పి, ఇంత తెలుగు ఎవరు చదువుతారు, సంతకం యాడ పెట్టల్లో చూపియ్ అంటివి. చూపిస్తి."

ఇంగ్లీషు మీడియం పిల్లవాడు. జర్మన్ రాతలు గోడ మీదివి కూడా చదివాడు పొద్దున.

"నేను నెలనెలా పంపిన డబ్బులు?"

"బంగారం విడిపించుకొస్తిమి. మీ అమ్మ మెళ్లో ఉండాది."

"ఊర్లో ఒక్కరూ చెప్పలేదే!"

"చెప్పొద్దని అందరికీ చెప్పినా. పరీక్షలప్పుడు ఎందుకని."

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పట్టాల మీద సరుకు బండి ఒకటి పోయింది. అది పోయాక మావాడు, గొంతు తడారిపోయి, "చింతచెట్టన్నా ఉందా?" అన్నాడు.

"పలకల మీద నీడ పడుతుందని కొట్టేసినారు."

"నువ్వు చూస్తా ఊరికే ఉన్నావా?"

"డ్యూటీలో ఉంటి. ఏం చేయల్ల?"

మావాడు తండ్రిని పైనుంచి కిందికి చూశాడు. కోటు మీద వాడి చూపు ఆగింది. వీపు మీద అతికించిన గుడ్డ కింద ఏ కంపెనీ పేరు ఉంటుందో ఇద్దరికీ అప్పుడే తట్టింది.

"నైట్ వాచ్‌మన్ రా. నెలకు పన్నెండు వేలు ఇస్తారు. సంక్రాంతి లీవు, ఆదివారాలు అన్నీ మిగిలించుకుని కలిపి పెట్టుకొస్తి" అన్నాడు పెద్దాయన, బండి వస్తుందేమోనని తొంగి చూస్తూ. "టికెట్ తారీకు మాత్రం మార్చొద్దు. సోమవారం రాత్రి డ్యూటీకి ఎక్కల్ల. ఒక్క పూట లేటయినా జీతం కోస్తారు."